కంప్యూటర్లో మిగిలిన ‘ఇదిగో’

మా ఆయన నన్ను పేరు పెట్టి పిలిచిన గుర్తు లేదు. పెళ్లయిన కొత్తలో సిగ్గనుకున్నాను. తరవాత అదే అలవాటైపోయింది. నేను ఆయన్ని ‘ఏవండీ’ అనేదాన్ని, ఆయన నన్ను ‘ఇదిగో’ అనేవారు. కళ్లజోడు కనబడకపోతే ఇదిగో, వీధి గేటు దగ్గర ఎవరో వచ్చి నిలబడితే ఇదిగో, చర్చిలో పాట నంబరు దొరక్కపోతే పుస్తకం నా వైపు జరుపుతూ గుసగుసగా ఇదిగో. ఇంట్లో ఉండేది ఇద్దరమే అయినప్పుడు పేర్లతో పనేముంది? నా పేరు మండలాఫీసులో సంతకాలకీ, పాస్టరు గారి ప్రార్థనలకీ సరిపోయేది.

గొంతులో గడ్డ లేచిందని ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశాక ఆ పిలుపు ఆగిపోయింది. మనిషి దక్కాడు, దేవుడికి స్తోత్రం. ఇప్పుడు మెడ మీద ఉన్న చిన్న రంధ్రంలోంచి ఊపిరి పీలుస్తారు. దానిలో దుమ్ము పడకుండా పల్చటి గుడ్డ కట్టుకుంటారు. చెప్పాల్సింది, పైనున్న పుల్ల లాగితే చెరిగిపోయే చిన్నపిల్లల మ్యాజిక్ పలక మీద రాసి చూపిస్తారు. గొంతుకి ఆనించి మాట్లాడే మర ఒకటి ఆస్పత్రిలో ఇప్పించారు గానీ, అందులోంచి వచ్చిన గొంతు విని ఆయనే ఉలిక్కిపడి, దాన్ని మళ్లీ డబ్బాలో పెట్టేశారు. ఇక నన్ను పిలవాలంటే చప్పట్లు కొట్టడమే.

ఆ చప్పట్లంటే నాకు ఒళ్లు మంట. “హోటల్లో సర్వర్ని పిలిచినట్టు ఏంటండీ ఆ చప్పట్లు? టిప్పు కూడా ఇస్తారా?” అని గయ్‌మనేదాన్ని. ఆయన నవ్వేవారు. ఇప్పుడు ఆయన నవ్వుకి చప్పుడుండదు, భుజాలు మాత్రం కదులుతాయి. నేనూ నవ్వేసేదాన్ని. కానీ ఆ చప్పుడు విన్న ప్రతిసారీ నాకు ఆ పాత పిలుపే గుర్తొచ్చేది. ఆ సంగతి ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు.

ఆయనకి చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. ఆయన గొంతు నా దగ్గరుంది. నా దగ్గరంటే, మా ముందుగదిలో ఉన్న కంప్యూటర్లో.

ఆయన హైస్కూల్లో సైన్సు మాస్టారు. బడులు మూతపడిన రోజుల్లో పిల్లలకి ఫోన్లలో పాఠాలు పంపాలన్నారు. అప్పుడు ఈ కంప్యూటర్ కొన్నాం. దీనికి పక్కన వేరే డబ్బా ఉండదు. సరంజామా అంతా తెర వెనకాలే ఇమిడిపోయి ఉంటుంది. ఆల్-ఇన్-వన్ అంటారట. దాని ముందు కూర్చుని, గది తలుపులు వేసుకుని, ఫ్యాను చప్పుడు వినబడకూడదని ఆపేసుకుని, చెమటలు కక్కుతూ పాఠాలు రికార్డు చేసేవారు. ఫోన్లలోకి వెళ్లినవి పిల్లలు ఎప్పుడో తుడిచేసుకుని ఉంటారు. మా పెళ్లి వీడియోలో ఆద్యంతం పాటలే తప్ప మాటలు లేవు. ఫోన్లో వాయిస్ మెసేజీలు పెట్టే అలవాటు ఆయనకి లేదు. కాబట్టి ఆ మనిషి గొంతు ఈ భూమ్మీద మిగిలింది ఆ కంప్యూటర్లో ఒక్క ఫోల్డర్లోనే.

అందులో దర్పణాల పాఠం ఒకటుంది. పుటాకార దర్పణం ఎలా ఉంటుందో చెబుతూ చెబుతూ, చూపించడానికి చేతిలో ఏమీ లేదని మధ్యలో గుర్తొచ్చింది ఆయనకి. రికార్డింగు ఆపాలన్న ధ్యాస లేకుండా వెనక్కి తిరిగి, “ఇదిగో! ఓ స్టీలు గరిటె ఇలా పట్రా” అని కేకేశారు. వంటింట్లో కుక్కరు కూత వేస్తోంది. నా గొంతు దూరంగా వినబడుతుంది: “ఏ గరిటెండీ? పప్పు గరిటా, పులుసు గరిటా?” “ఏదో ఒకటి, మెరిసేది తీసుకురా.” ఆ తరవాత గాజుల చెయ్యి ఒకటి పక్కనుంచి వచ్చి గరిటె అందించి వెళుతుంది. ఆ ముక్క తీసేయకుండానే పంపేశారాయన. చాలాకాలం బజార్లో పిల్లలు నన్ను చూసి “గరిటె మేడం గారండీ” అని చెవులు కొరుక్కునేవారు. అప్పుడు తల తీసేసినట్టయ్యేది.

ఆపరేషన్ తరవాత ఆ పాఠమే నాకు ఆధారమైంది. ఆయన సాయంత్రం కాలవ గట్టు మీద నడవడానికి వెళ్లగానే, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆ ముక్క వినేదాన్ని. ‘ఇదిగో’ అని వినబడగానే ప్రతిసారీ నా నోరు నాకు తెలియకుండానే ‘ఆఁ’ అనేది. ఆయన గేటు తీసిన చప్పుడు కాగానే అంతా మూసేసి, గబగబా వంటింట్లోకి పోయేదాన్ని. కట్టుకున్న మొగుడి మాట దొంగచాటుగా వినాల్సి రావడం ఏం ఖర్మో అని నవ్వూ ఏడుపూ రెండూ వచ్చేవి. ఆయన ముందు పెట్టి వినిపించే ధైర్యం మాత్రం నాకు లేదు. చెయ్యి పోయినవాడికి ఆ చెయ్యి ఉన్నప్పటి ఫోటో చూపించినట్టు ఉంటుందనిపించేది.

ఈమధ్య ఆ కంప్యూటర్ మొండికేయడం మొదలుపెట్టింది. బటన్ నొక్కి, బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి వచ్చినా తెర మీద చుక్కలు గిరగిరా తిరుగుతూనే ఉండేవి. ఫోల్డరు తెరిస్తే తెర తెల్లగా పాలిపోయి బిగుసుకుపోయేది. ఎందుకైనా మంచిదని పాఠాలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించబోయాను. సగంలో ఆగిపోయింది. మళ్లీ ప్రయత్నిస్తే దానంతటదే ఆరిపోయి మళ్లీ వెలిగింది. ఆ రోజు నుంచి ఆఫీసులో ఫైలు మీద ఫైలు తిప్పుతున్నా నా ధ్యాసంతా ఇంట్లో ఆ నల్లటి తెర మీదే.

సరిగ్గా అప్పుడే ఆయన కూడా దాని ముందు కూర్చోవడం మొదలుపెట్టారు. బడి మానేశాక దాని జోలికే పోని మనిషి, పొద్దస్తమానం ఆ ఫోల్డరు తెరవడం, అది బిగుసుకుపోవడం, ఆయన బల్ల మీద గుద్దడం. “ఏం చేస్తున్నారండీ?” అని అడిగాను. పలక మీద రాసి చూపించారు: ‘పాఠాలు కట్ చెయ్యాలి. సిస్టం లాగట్లేదు.’

నా నెత్తిన పిడుగు పడింది. కట్ చెయ్యడమంటే నాకు తెలిసిందొక్కటే. ఫోన్ కట్ చేస్తాం, కరెంటు కట్ చేస్తారు, రేషన్ కార్డులోంచి పేరు కట్ చేస్తారు. నేను పనిచేసేది మండలాఫీసులో, ఆ చివరిదాని గురించి నాకు బాగా తెలుసు. సిలబస్ మారిపోయింది, పాత పాఠాలు ఎవరికి కావాలి, తీసి పారేస్తే కంప్యూటర్ తేలికపడుతుందని ఈయన ఆలోచన కాబోలనుకున్నాను. లేదా ఆ గొంతు ఇంట్లో ఉండటమే ఆయనకి ఇష్టం లేదేమో. ఆ రెండో ఆలోచన రాగానే ఇంక ఆగలేకపోయాను. ఆయన పలక మీద ఇంకేదో రాయబోతుంటే లాక్కుని, పైన ఉన్న పుల్ల లాగి మొత్తం తుడిచేసి, “ఇప్పుడు దాన్నేం కదపకండి. ముందు బాగుచేయించాలి” అన్నాను. గొంతు పెద్దదైపోయింది. ఆయన వింతగా చూశారు.

సామర్లకోటలో ఉండే మా తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు ఆఫీసులో రోజంతా కంప్యూటర్లతోనే ఉంటాడు. లక్షణాలన్నీ విని, “మెమరీ తక్కువైపోయిందక్కా. ఇంకోటి వెయ్యాలి, లేదంటే పాతది పీకేసి పెద్దది పెట్టాలి” అన్నాడు.

“మెమరీ పీకేస్తే అందులో ఉన్నవన్నీ పోవూ?” అన్నాను.

“పోవే బాబూ. ఆ మెమరీ వేరు, దాచుకునేది వేరు. నీ వంటింట్లో అలమారా ఉంది కదా, సామాన్లన్నీ అందులో ఉంటాయి. గట్టు మీద పెట్టుకుని కూరలు తరుగుతావు. ఇప్పుడు నీ గట్టు ఇరుకైపోయింది, దాన్ని వెడల్పు చేస్తున్నాం. అలమారా జోలికెవడూ పోవట్లేదు.”

“గట్టు పగలగొట్టేటప్పుడు అలమారా అద్దాలు పగిలితేనో?”

“నీతో పడలేం అక్కా” అన్నాడు వాడు. “బావగారు చేసేస్తారులే, రేడియోలు విప్పిన చెయ్యి. లేదంటే షాపులో ఇచ్చెయ్.”

షాపులో ఇవ్వమన్న మాట వినగానే నాకు భయం రెట్టింపైంది. మా వైపు కంప్యూటర్ షాపుల్లో అన్ని రోగాలకీ ఒకటే మందు, ఫార్మాట్. మా ఆఫీసులో ఒకావిడ, మౌసు కదలట్లేదని ఇస్తే ఫార్మాట్ కొట్టి, కూతురి చిన్నప్పటి ఫోటోలన్నీ ఊడ్చేసి, “ఇప్పుడు చూడండి మేడం, కొత్తదానిలా పరిగెడుతుంది” అని చేతిలో పెట్టారు. పాపం, ఆవిడ వారం రోజులు కళ్లు వాచేలా ఏడ్చింది. అంచేత మెషీన్ ఇంటి గడప దాటడానికి వీల్లేదని నేను గట్టిగా నిర్ణయించుకున్నాను. మెమరీ ఒక్కటీ కొనుక్కొస్తే, విప్పడం ఆయన చూసుకుంటారు.

శనివారం సెలవు పెట్టి రావులపాలెంలో బస్సెక్కి రాజమండ్రి వెళ్లాను. సెంటర్లో అరటిగెలల లారీలు అడ్డంగా తిరిగి బస్సుని కదలనివ్వలేదు. జొన్నాడ వంతెన మీద గాలికి అందరూ కళ్లు మూసుకున్నారు గానీ నాకు కునుకు కూడా రాలేదు. ఈలోపల ఇంట్లో ఆయన ఏమైనా కట్ చేసేస్తున్నారేమోనని ఒకటే గుబులు. బయల్దేరే ముందు కరెంటు వైరు పీకి నా హ్యాండ్‌బ్యాగులో వేసుకొచ్చాను. ఆ సంగతి గుర్తొచ్చాక కాస్త నెమ్మదించాను.

షాపులో కౌంటరు వెనక ఉన్నాయన, “ఆయ్, చెప్పండి మేడం” అన్నాడు.

“మెమరీ కావాలండీ.”

గోరంత మెమరీ కార్డు తీసి ముందు పెట్టాడు. “ఫోన్‌ది కాదండీ, కంప్యూటర్‌ది” అన్నాను. పెన్‌డ్రైవ్ తీసి పెట్టాడు. “అబ్బా, బయట గుచ్చేది కాదండీ, లోపల వేసేది.”

“ర్యామాండీ! ర్యామ్ అని చెప్పాలి కదండీ మరి. డెస్క్‌టాపా, ల్యాప్‌టాపా?”

“డెస్క్‌టాపేనండి. బల్ల మీదే ఉంటుంది.”

తమ్ముడు మెసేజీలో రాసి పంపిన రకం చూపించాను. లోపలికెళ్లి జానెడు పొడుగు పట్టీ ఒకటి తెచ్చి ఇచ్చాడు. పచ్చటి రేకు మీద నల్ల పెంకులు అతికించినట్టుంది. “మెషీన్ ఇలా తెచ్చేయండి మేడం, మేమే వేసిచ్చేస్తాం. పనిలో పని, ఓసారి శుభ్రంగా ఫార్మాట్ కూడా కొట్టేస్తాం” అన్నాడు ఎంతో ఆప్యాయంగా. ఒద్దండీ ఒద్దండీ అంటూ మెట్లు దిగిపోయాను.

ఇంటికొచ్చి ఆయన చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి భుజాలు కదిలిస్తూ నవ్వడం మొదలుపెట్టారు. పలక మీద రాశారు: ‘దీనికి ల్యాప్‌టాప్‌ది పడుతుంది. ఇందులో సగం పొడవు.’ బల్ల మీద కూర్చున్నంత మాత్రాన డెస్క్‌టాప్ అయిపోదట. వెనకాల అంత చోటెక్కడిది, ల్యాప్‌టాప్ సామానే సర్దుతారట. “ఆ ముక్క నేను బస్సెక్కే ముందు ఏడవచ్చుగా!” అని ఒంటికాలి మీద లేచాను. ఆయన వైరు లేని కంప్యూటర్ వైపు, నా హ్యాండ్‌బ్యాగు వైపు చూసి, పలక పక్కన పెట్టేశారు. తిన్నగా మళ్లీ బస్సెక్కాను. షాపాయన పొడుగుది తీసుకుని పొట్టిది ఇచ్చాడు. “ఆల్-ఇన్-వన్ అని చెబితే అయిపోయేదండీ” అన్నాడు. నిజమే గానీ ఆ పూట ఎవరేం చెప్పినా నాకు కోపంగానే ఉంది.

మర్నాడు ఆదివారం. ఆరాధనలో పాస్టరు గారు ఏం చెప్పారో నా చెవికెక్కలేదు. కళ్లు మూసుకుని ఒక్కటే అడిగాను, ఆ ఫోల్డరు పోకుండా చూడు ప్రభువా అని. చుట్టూ రోగాలకీ పెళ్లిళ్లకీ ప్రార్థనలు జరుగుతుంటే, నేను ఫోల్డరు కోసం మొక్కుతున్నానని ఎవరికైనా తెలిస్తే నవ్వుతారు. తెలిస్తే తెలియనీ అనుకున్నాను.

భోజనాలయ్యాక భోజనాల బల్ల మీద దుప్పటి మడతపెట్టి పరిచాం. ఇద్దరం చెరో వైపు పట్టుకుని కంప్యూటర్ని తెచ్చి బోర్లా పడుకోబెట్టాం. తెర కింద దిండు కూడా పెట్టాను. ఆయన కిటికీ ఊచలు కాసేపు పట్టుకున్నారు. ఒంట్లో ఉన్న కరెంటు పోతుందట. నన్నూ పట్టుకోమని సైగ చేశారు. కిటికీ ముందు ఇద్దరం జైల్లో ఖైదీల్లా నిలబడితే, ఎదురింటావిడ “ఏంటండీ, ఏమైనా ఊరేగింపు వస్తుందా?” అని అడిగింది.

స్టాండు మరలు తేలిగ్గానే వచ్చాయి. వెనక మూత మాత్రం అంచుల్లో బిగుసుకుని ఉంది. ప్లాస్టిక్ స్కేలు సందులో దూర్చి మెల్లగా పైకి లేపారు. టక్కుమంది. నా ప్రాణం పోయింది. ఆయన బొటనవేలు పైకెత్తి చూపించారు, కొక్కెం ఊడిందంతే, విరగలేదని. అంచు పొడుగునా టక్కు టక్కుమంటూ కొక్కేలు ఊడుతుంటే, ప్రతిదానికీ నేను కుర్చీ పట్టుకోవడం, ఆయన బొటనవేలు చూపించడం. మూత తీసేసరికి లోపల ఇన్నేళ్ల దుమ్ము బూరు కట్టి ఉంది. అది గుప్పున లేచింది. ఆయనకి దగ్గు వచ్చింది. ఆయన దగ్గు నోట్లోంచి రాదు, మెడలోంచి వస్తుంది. గబుక్కున గుడ్డ అదిమిపట్టుకుని పక్కకి తిరిగారు. నేను వీపు రాస్తూ, “ఇంక చాలు, ఆపేద్దామండీ, ఒద్దు” అన్నాను. ఒక్క క్షణం నిజంగానే ఒద్దనిపించింది. గొంతు కోసం మనిషిని బాధపెడుతున్నానా అనిపించింది. ఆయన తల అడ్డంగా ఊపి, పాత పెయింటు బ్రష్షు తెమ్మన్నారు. నా చీర చెంగు ఆయన మెడకి అడ్డం పెట్టి, దుమ్మంతా నేనే ఊడ్చాను.

లోపల మెమరీ దూర్చే గాడులు రెండున్నాయి. ఒకదాంట్లో పాత మెమరీ పట్టీ ఉంది, రెండోది ఖాళీ. పాతదాన్ని పీకక్కర్లేదని తెలిసి హమ్మయ్య అనుకున్నాను. తమ్ముడు గట్టు అన్నా అలమారా అన్నా, దాని పేరు మెమరీ కాబట్టి దాన్ని ముట్టుకోకపోవడమే మంచిదని నా లోపల ఉంది. ఆయన కొత్త పట్టీని ఏటవాలుగా గాడిలో పెట్టి, రెండు వేళ్లతో కిందికి నొక్కారు. పక్కల చిన్న చిన్న క్లిప్పులు పట్టుకున్నాయి. మూత పెట్టకుండానే, నేను తెరని రెండు చేతులా లేపి నిలబెట్టి పట్టుకున్నాను. నా బ్యాగులోంచి వైరు తీసి ఆయనే పెట్టి, బటన్ నొక్కారు.

లోపల ఫ్యాను తిరిగింది. తెర నల్లగానే ఉంది. కీ అని ఒక కూత. కాస్త ఆగి మళ్లీ కీ. మళ్లీ కీ.

“ఏమైందండీ? పోయిందా? ఏవండీ, పోయిందా?” అంటున్నాను. ఆయన రెండు చేతులూ పనిలో ఉన్నాయి, పలక అవతల ఉంది. జవాబు చెప్పే దారి ఆయనకి లేదు, వినే ఓపిక నాకు లేదు. ఏడుపొచ్చేసింది. “ఆ పాఠాలు పోతే నేను మిమ్మల్ని ఎక్కడ వెతుక్కోను?” అనేశాను. ఇన్నాళ్లు దాచుకున్నదంతా ఒక్క మాటలో బయటపడిపోయింది.

ఆయన బటన్ నొక్కి ఆపేశారు. నా చేతుల్లోంచి తెరని తీసుకుని మళ్లీ దుప్పటి మీద పడుకోబెట్టారు. తరవాత తన బల్ల సొరుగు తీసి పెన్సిలు తుడిచే రబ్బరు తెచ్చారు. రికార్డు పుస్తకాలు దిద్దేటప్పుడు వాడిన పాత రబ్బరు, ఒక మూల అరిగిపోయి ఉంది. క్లిప్పులు విడదీసి కొత్త పట్టీ తీశారు. ఆ పక్కనే పాతది కూడా తీసేశారు. నేను ఒద్దనే లోపే అది ఆయన చేతిలో ఉంది. వేలెడు కూడా లేదు. దాని అంచున పసుప్పచ్చగా మెరవాల్సిన సన్నటి గీతలు, వాడని ఇత్తడి గిన్నెలా మసకబారి ఉన్నాయి. బోర్డు మీద తప్పు లెక్క చెరిపినంత శ్రద్ధగా ఆయన వాటిని రబ్బరుతో రుద్దారు. ఇటూ అటూ రుద్ది, పొడి దులిపి, నాకు చూపించారు. గీతలు తళతళమన్నాయి.

ఈసారి రెండూ పెట్టి, గట్టిగా నొక్కి, క్లిప్పుల మీద నా వేలు కూడా పెట్టి చూడమన్నారు. మళ్లీ లేపి పట్టుకున్నాను. బటన్ నొక్కారు. కూత రాలేదు. తెర మాత్రం నల్లగానే ఉంది. అలాగే ఉంది. ఆయన అరచెయ్యి చూపించి ఆగమంటున్నారు. ఇంక ఆగలేను అనుకున్నంతలో కంపెనీ బొమ్మ వెలిగింది. బియ్యం కడిగే మాట దేవుడెరుగు, నేను ‘ఏవండీ’ అనే లోపే తెర మొత్తం తయారైపోయింది.

మూతా స్టాండూ బిగించి ముందుగదిలో పెట్టాక ఫోల్డరు తెరిచాను. పాఠాలన్నీ ఉన్నాయి. ఆయన కూర్చోబోతుంటే కుర్చీ ఇవ్వలేదు. ముందు పెన్‌డ్రైవ్ పెట్టి మొత్తం ఎక్కించాను, ఒక్కసారి కూడా ఆగలేదు. అయినా నమ్మకం కుదరక, నిజంగా పలుకుతుందో లేదో చూడాలని దర్పణాల పాఠం నొక్కాను. ఇయర్‌ఫోన్లు పెట్టుకోవడం మరిచిపోయాను.

ముందుగది నిండా ఆయన గొంతు. “పిల్లలూ, అందరికీ వినపడుతుందా?” అని అడుగుతోంది. నా వెనక ఆయన కదలకుండా నిలబడిపోయారు. ఆపేద్దామని చెయ్యి వెళ్లింది గానీ ఆయన నా మణికట్టు పట్టుకున్నారు. గరిటె వచ్చింది, కుక్కరు కూసింది, గాజుల చెయ్యి వచ్చి వెళ్లింది. నేను వెనక్కి తిరిగి చూసేసరికి ఆయన చెయ్యి మెడ మీది గుడ్డ మీద ఉంది. పాఠం అయ్యేదాకా ఉండకుండా పెరట్లోకి వెళ్లిపోయారు. నేను చేసిన పని మంచిదో కాదో నాకు తెలియలేదు.

తరవాత రోజుల్లో ఆయన ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కంప్యూటర్ ముందే కూర్చున్నారు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి కూడా అక్కడే ఉండేవారు. దగ్గరికెళితే తెర మార్చేసేవారు. కట్ చేస్తున్నారు కాబోలు, చేసుకోనీ అనుకున్నాను. నకలు నా హ్యాండ్‌బ్యాగులో ఉంది కాబట్టి పాఠాల బెంగ లేదు. మనిషి గురించే బెంగ. తన గొంతు తానే తుడిచేసుకుంటూ కూర్చున్న మనిషికి ఏమని ధైర్యం చెప్పాలి? అన్నం దగ్గర మాత్రం మామూలుగానే ఉన్నారు. అది చూస్తే ఇంకా భయం వేసింది.

ఒక పొద్దున వంటింట్లో తోటకూర కడుగుతున్నాను. ముందుగదిలోంచి, “ఇదిగో!”

ఆ వెంటనే కుక్కరు కూత. అయ్యో, అన్నం మాడిపోతోందని గబుక్కున తిరిగి పొయ్యి కట్టేయబోయాను. పొయ్యి మీద ఏమీ లేదు. కుక్కరు తోమి బోర్లించి ఉంది. అప్పటిగ్గానీ నాకు తట్టలేదు.

మళ్లీ, “ఇదిగో!” మళ్లీ అదే కూత.

తడి చేతులతోనే వెళ్లి గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఆయన కుర్చీలో కూర్చుని, ఫోను ఎత్తి పట్టుకుని నా వైపు చూస్తున్నారు. వేలు ఇంకా ఫోను మీదే ఉంది. పాఠంలోంచి ఆ ఒక్క ముక్క కత్తిరించి ఫోన్లోకి తెచ్చుకున్నారు. వెనకాల ఉన్న కూత ఎంత ప్రయత్నించినా విడదీయలేకపోయారట, అదీ వచ్చేసింది. కట్ చెయ్యాలని మొదటి రోజు రాసింది దీని గురించే. పలక మీద మిగతాది రాయనిచ్చి ఉంటే అప్పుడే తెలిసేది.

పలక అందుకుని ఏదో రాయబోయారు. నేను దాన్ని తీసి పక్కన పెట్టేశాను. కళ్లు తుడుచుకోవడానికి చేతులు తడిగా ఉన్నాయి, భుజానికి రాసుకున్నాను.

“వచ్చానండీ” అన్నాను. “ఏ గరిటె కావాలి? పప్పు గరిటా, పులుసు గరిటా?”